మారతహళ్లి గదిలో డమ్మీతో నాలుగు నెలలు

మా ఒంగోలులో బస్టాండు వెనక సందులో ఒక వీడియో గేమ్ షాపు ఉండేది. గంటకి పది రూపాయలు. నాలుగు టీవీలు, నాలుగు ప్లేస్టేషన్లు, పొద్దున్నే పది నుంచి పిల్లల గుంపు. అందరం టెక్కెన్ 3 ఆడేవాళ్ళం. ఎడ్డీ గోర్డోని తీసుకుని రెండు కిక్ బటన్లూ ఎడాపెడా నొక్కితే చాలు, వాడు చేతుల మీద గిర్రున తిరుగుతూ ఎదుటివాణ్ణి చావగొట్టేవాడు. నేనెందుకు గెలిచానో నాకు తెలిసేది కాదు, తనెందుకు ఓడాడో అవతలివాడికీ తెలిసేది కాదు.

ఆ ధైర్యంతోనే బెంగళూరు వచ్చాక స్ట్రీట్ ఫైటర్ 6 కొన్నాను. అప్పటికి నాకు ముప్పై రెండు నిండాయి. అవుటర్ రింగ్ రోడ్డు మీద ఒక ఆఫీసులో టెస్టింగ్ ఉద్యోగం, మారతహళ్లిలో ఇద్దరం కలిసి అద్దెకి తీసుకున్న గది, కింద ఆంధ్రా మెస్సు. ఆఫీసు ఆరు కిలోమీటర్లే, వాన పడితే మాత్రం గంటన్నర. స్నానం చేసి, పెరుగన్నం తిని, కంప్యూటర్ ముందు కూర్చునేసరికి తొమ్మిదిన్నర అయ్యేది. పదకొండు దాటితే బటన్ల చప్పుడుకి పక్క పోర్షన్ ఆంటీ గోడ మీద తట్టేవారు. మధ్యలో ఆ కాస్త టైమే నాది. కలిసి ఆడే తోడు లేదు. మా రూమ్మేట్‌ది శ్రీకాకుళం, వాడికి రమ్మీ తప్ప ఆట తెలీదు. ఇంటర్నెట్ మొత్తం బిల్డింగుకి ఒకటే లైను, రాత్రి పూట అందరూ సినిమాలు పెట్టుకుంటే నా మ్యాచ్ మధ్యలో మనుషులు మాయమై ఇంకోచోట తేలేవాళ్ళు. కాబట్టి నేను నేర్చుకున్నదాంట్లో ముప్పాతిక వంతు ట్రైనింగ్ మోడ్‌లో, ఎదురుగా నిలబడే డమ్మీతోనే.

మొదటి రెండు నెలలు కాంబోలే, అంటే మొదటిది తగిలితే వరసగా తగిలే దెబ్బల గొలుసులు. ఆటలో నేను ఎంచుకున్న పాత్ర ర్యూ. గుద్దు నుంచి డ్రైవ్ రష్ (ముందుకి దూసుకెళ్ళడం), దాన్నుంచి ఇంకో గుద్దు, దాన్నుంచి హడోకెన్ (చేతుల్లోంచి వదిలే శక్తి బంతి), మూలకి తోసి ఇంకో నాలుగు. డమ్మీ మీద పదికి తొమ్మిదిసార్లు పడేవి. చూసుకుంటే ముచ్చటేసేది. ర్యాంక్డ్‌కి, అంటే ఆన్‌లైన్‌లో ర్యాంకు కోసం మనుషులతో ఆడే మ్యాచులకి వెళ్తే, ఆ కాంబో మొదలుపెట్టే మొదటి దెబ్బ తగిలేది మ్యాచ్‌కి ఒకసారో రెండుసార్లో. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. గోల్డ్ ర్యాంకులో ఇరుక్కుపోయాను. రెండో నక్షత్రం ఎక్కడం, మళ్ళీ ఒకటోదానికి జారడం.

దీనికి మందు నా ఉద్యోగంలోనే ఉందని తట్టడానికి అంతకాలం ఎందుకు పట్టిందో తెలీదు. టెస్టింగ్‌లో మేము రోజూ చేసేదేమిటి? ఏదో విరిగిందని చెప్తే సరిపోదు. ఏ పరిస్థితిలో విరిగింది, అదే పరిస్థితి మళ్ళీ కల్పిస్తే మళ్ళీ విరుగుతుందా, అది చూపించాలి. అది చూపించలేకపోతే డెవలపర్ మొహం కూడా ఎత్తడు. నేను ఆటలో ‘సరిగ్గా ఆడట్లేదు’ అని రెండు నెలలుగా ఒకే ఫిర్యాదు రాసుకుంటున్నాను. అలాంటి టికెట్ ఎవరైనా నా దగ్గరికి పంపితే నేనే వెనక్కి కొట్టేవాణ్ణి.

ఒక శనివారం మెస్సులో భోంచేసి వచ్చి, ఓడిపోయిన పది మ్యాచుల రీప్లేలు పెట్టుకుని, అట్ట నోట్‌బుక్‌లో గీతలు కొట్టుకుంటూ కూర్చున్నాను. దూకి కొట్టిన దెబ్బ ఒక వరస, త్రో (పట్టుకుని విసిరెయ్యడం) ఒక వరస, డ్రైవ్ ఇంపాక్ట్ అనే భారీ దెబ్బ ఒక వరస, నా కాంబో తప్పిపోయి తిరిగి తిన్నది ఒక వరస. సాయంత్రానికి లెక్క తేలింది. పది మ్యాచుల్లో నా మీదకి 74 సార్లు దూకారు. నేను గాల్లోనే కొట్టి పడేసింది 8 సార్లు. కాంబో తప్పినందువల్ల నష్టపోయినవి మూడు. రెండు నెలల కష్టం ఆ మూడింటి కోసం.

ఈ ఆటలో దూకడం నిజానికి చాలా అప్పు చేసే పని. నేల వదిలినవాడు గాల్లో బ్లాక్ చెయ్యలేడు, కొందరికి తప్ప దారి మార్చుకోవడమూ కుదరదు. ర్యూ ముందుకి దూకి మళ్ళీ నేల మీద నిలబడేసరికి ముప్పావు సెకను దాకా పడుతుంది. ఆట సెకనుకి 60 ఫ్రేములు నడుస్తుంది కాబట్టి అది సుమారు 45 ఫ్రేములు. కంటికి కనబడ్డాక చెయ్యి కదలడానికి మామూలు మనిషికి పావు సెకను, అంటే 15 ఫ్రేములు. లెక్క ప్రకారం షోర్యుకెన్ (పైకి ఎగురుతూ కొట్టే గుద్దు) కొట్టడానికి బోలెడంత టైముంది. మరి 74కి 8 ఏమిటి?

వయసు అనుకున్నాను. ముప్పై దాటింది, రిఫ్లెక్సులు పోయాయి, ఇదంతా ఇంటర్ కుర్రాళ్ళ ఆట. ఈ సాకు చాలా హాయిగా ఉంటుంది, ఎవరూ కాదనరు. కాకపోతే 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5కి బంగారు పతకం గెలిచిన కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్‌వూకి అప్పటికి 44 ఏళ్ళు. అది గుర్తొచ్చాక సాకు కూడా రుచించలేదు.

సరే, డమ్మీని దూకించాను. ఈ ఆట ట్రైనింగ్ మోడ్‌లో ఎనిమిది రికార్డింగ్ స్లాట్లు ఉంటాయి. మనమే డమ్మీని నడిపి కదలికలు రికార్డ్ చేస్తే, తర్వాత వాటిని వరసలేకుండా కలగాపులగంగా వదులుతుంది. మొదట ఒక్క స్లాటే పెట్టాను: ముందుకి దూకి గట్టి కిక్. రెండు రోజుల్లో పదికి పది కొట్టాను. గర్వంగా ర్యాంక్డ్‌కి వెళ్ళాను. అక్కడ మళ్ళీ పాత కథే.

చదరంగం పజిళ్ళు చేసేవాళ్ళకి ఈ బాధ తెలిసే ఉంటుంది. పజిల్ పెట్టారంటేనే ఇక్కడ ఏదో గెలుపు దాగుందని చెప్పినట్టు. అసలు ఆటలో ఎవరూ వచ్చి ‘ఇప్పుడు వెతుకు’ అని భుజం తట్టరు. నా డమ్మీ కూడా పజిలే. అది దూకడం తప్ప ఇంకేమీ చెయ్యదని నాకు ముందే తెలుసు. నా కళ్ళు ప్రశ్న చూడట్లేదు, జవాబు మాత్రమే అప్పజెప్తున్నాయి. 1952లో హిక్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త దీపాలు వెలిగించి, ఏ దీపం వెలిగితే ఆ మీట నొక్కమని చేసిన ప్రయోగాల్లో తేలింది కూడా ఇదే: వెలిగే అవకాశమున్న దీపాల సంఖ్య పెరిగేకొద్దీ మనిషి స్పందన ఆలస్యమవుతుంది. ఒక్క దీపం ముందు నేను వీరుణ్ణి.

దాంతో ఎనిమిది స్లాట్లూ నింపాను. రెండింటిలో దూకడం, ఒకదాంట్లో హడోకెన్, అయిదింటిలో ఊరికే ముందుకీ వెనక్కీ నడవడం. అసలు మ్యాచ్‌లో ఎక్కువ సేపు జరిగేది ఏమీ జరగకపోవడమే కదా, అందుకని నడకలే ఎక్కువ పెట్టాను. పదికి పది కాస్తా పదికి మూడు అయింది. బాధపడాల్సింది పోయి చాలా సంతోషించాను. బగ్ దొరికింది. గదిలోనే, నా ఇష్టమొచ్చినన్నిసార్లు విరగ్గొట్టగలను.

అసలు కారణం మాత్రం ఇంకో వారానికి గానీ దొరకలేదు. ఈ ఆటలో తెర మీద ఫ్రేమ్ మీటర్ అని ఒక పట్టీ పెట్టుకోవచ్చు. మనం కొట్టిన ప్రతి దెబ్బా దాంట్లో రంగుల గళ్ళుగా పడుతుంది. దెబ్బ బయల్దేరడం ఆకుపచ్చ, తగిలే క్షణం ఎరుపు, చెయ్యి వెనక్కి తీసుకోవడం నీలం. నీలం నడుస్తున్నంతసేపూ ఏ బటన్ నొక్కినా పనికిరాదు. ఈ మీటర్ రీప్లేల మీద కూడా పెట్టుకోవచ్చు. నేను గాల్లో కొట్టలేకపోయిన ఆ 66 సార్లనీ మళ్ళీ పెట్టుకుని, అవతలివాడు నేల వదిలిన క్షణంలో ఆపి చూశాను. 41 సార్లు నా పట్టీ ఆకుపచ్చగానో నీలంగానో ఉంది. అంటే వాడు దూకిన క్షణానికి నేను అప్పటికే ఏదో కొడుతున్నాను. చాలావరకు కింద కూర్చుని తన్నే మీడియం కిక్. అది మొదలైనప్పటి నుంచి అయ్యేదాకా దాదాపు అర సెకను. కళ్ళు చూశాయి, చెయ్యి ఖాళీ లేదు.

ఆ కిక్ ఎందుకు కొట్టానని ఒక్కొక్కదానికీ అడుక్కున్నాను. సగానికి పైగా వాటికి నా దగ్గర జవాబు లేదు. ఊరికే. చేతులు ఊరుకోక. బండి సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు హారన్ కొట్టేవాళ్ళుంటారే, ఆఫీసు దారిలో రోజూ నేను తిట్టుకునేవాళ్ళు, నేనూ అదే బాపతు.

మందు చేదుగా ఉంది. వారం రోజులు డమ్మీ ముందు ఆ కిక్ నిషేధం. నడవడం, దూకితే కొట్టడం, హడోకెన్ వస్తే బ్లాక్ చెయ్యడం, ఇంతే. చెప్పడానికి తేలిక. అయిదు నిమిషాలకే బొటనవేలు దురద పెట్టినట్టు అయ్యేది. ఏమీ చెయ్యకుండా నిలబడటం ఇంత కష్టమైన పని అని నాకు అంతవరకూ తెలీదు. బయటికెళ్ళే బంతిని వదిలెయ్యడం కూడా బ్యాటింగేనని, ద్రవిడ్ పెరిగిన ఊళ్ళో ఏడేళ్ళు ఉన్నాక నాకు తెలిసిందన్నమాట. వారం చివరికి పదికి ఆరు. రెండో వారం ఏడు. షోర్యుకెన్ చెయ్యి తిరగకపోతే కింద కూర్చుని కొట్టే గట్టి గుద్దుతో సరిపెట్టుకునేవాణ్ణి, అదీ గాల్లో వాణ్ణి బాగానే పడేస్తుంది. పట్టుదలకి పోయి ప్రతిసారీ షోర్యుకెనే కొట్టాలనుకోవడం మొదట్లో నేను చేసిన ఇంకో తెలివితక్కువ పని.

అప్పుడే ఇంకో లోపం బయటపడింది. పదికి ఎనిమిది, తొమ్మిది కొడుతున్నాను గానీ, కొన్నిసార్లు డమ్మీ దూకకముందే నా వేళ్ళు కదులుతున్నాయి. రికార్డ్ చేసింది నేనే కదా. దూకే ముందు రెండడుగులు వెనక్కి వేసి, చిటికెడు ఆగి దూకే అలవాటు నాది. డమ్మీ దాన్నే చేస్తోంది, నేను దాన్నే కనిపెడుతున్నాను. మన జేబు మనమే కొట్టుకుని దొంగని పట్టుకున్నట్టు.

ఆ ఆదివారం రూమ్మేట్‌ని బతిమాలాను.

‘ఒరేయ్, పది నిమిషాలు. ఈ బొమ్మని నీ ఇష్టమొచ్చినట్టు ఆడించు. ఎనిమిదిసార్లు. నేను బయటికెళ్తాను, ఏం చేశావో చెప్పకు.’

‘ఏటి మావా, నెల్రోజుల్నుంచి ఆ బొమ్మతోటే ఉన్నావు, ఇప్పుడు నన్ను కూడా దాంతో కలుపుతున్నావా?’ అంటూనే కూర్చున్నాడు.

నేను కిందకెళ్ళి టీ తాగి వచ్చాను. వాడు రికార్డ్ చేసినదానికి ఒక పద్ధతీ పాడూ లేదు. ఉన్నచోటే మూడుసార్లు పైకి ఎగిరి, నాలుగోసారి ముందుకి దూకుతాడు. ఒక స్లాట్‌లో అసలు కదలడు, చివర్లో ఒక్క గుద్దు గుద్దుతాడు. ఇంకోదాంట్లో పూర్తిగా వెనక్కి వెళ్ళి గోడకి ఆనుకుని, ఉన్నట్టుండి పరిగెత్తుకొస్తాడు. నేను నవ్వాను. ఆడితే పదికి నాలుగు వచ్చింది. నవ్వు ఆగిపోయింది. వాడి రికార్డింగులు అచ్చంగా గోల్డ్ ర్యాంకులో నాకు తగిలే మనుషుల్లాగే ఉన్నాయి. అప్పటినుంచి వారానికోసారి వాడి చేత కొత్తవి చేయించుకోవడం, బదులుగా వాడి వంతు బట్టలు నేను ఉతకడం.

డ్రైవ్ ఇంపాక్ట్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. అది బయల్దేరి తగలడానికి 26 ఫ్రేములు, మధ్యలో రెండు దెబ్బల వరకు తట్టుకుంటుంది, మూలలో ఉన్నప్పుడు బ్లాక్ చేసినా గోడకి కొట్టి పడేస్తుంది. దానికి విరుగుడు తిరిగి మనమూ అదే కొట్టడం. అది కూడా ఒక స్లాట్‌లో పడేసి మిగతావాటిలో కలిపాను. దూకడానికి పట్టినంత కాలం దీనికి పట్టలేదు. కారణం ఒకటే, చేతులు ఊరుకోవడం అప్పటికే కొంచెం అలవాటైంది.

దూరం అంచనా వెయ్యడం ఇంకో గోల. ట్రైనింగ్ మోడ్ నేల మీద గళ్ళు ఉంటాయి. డమ్మీ కిక్ ఎన్ని గళ్ళ దాకా వస్తుందో చూసుకుని, దానికి ఒక జాన అవతల నిలబడి, అది గాలిని తన్నినప్పుడు ఆ కాలు మీద కొట్టడం. మొదటి వారం కళ్ళతో కాలుని చూసి కొట్టాలని చూశాను, ఎప్పుడూ ఆలస్యమే. తర్వాత అర్థమైంది, అవతలివాడు కొట్టాలనుకునే దూరంలోకి వెళ్ళినట్టే వెళ్ళి వెనక్కి జరగాలి, వాడు తన్నుతాడని ముందే అనుకుని ఉండాలి. ఇది డమ్మీతో సగమే వస్తుంది. డమ్మీకి ఆశ పుట్టదు, దాన్ని ఊరించలేం.

నిర్ణయాల సంగతికి వస్తాను, నాకు అన్నిటికంటే ఎక్కువ నిద్ర పోగొట్టింది అదే. అవతలివాణ్ణి పడగొట్టాక, వాడు లేచే సమయానికి నేను పక్కన నిలబడి ఉంటాను. వాడు బ్లాక్ చేస్తూ లేవొచ్చు, త్రో తప్పించుకునే బటన్ నొక్కుతూ లేవొచ్చు, మన దెబ్బ ఏదీ తనకి తగలనివ్వని షోర్యుకెన్ లాంటిదాంతో లేవొచ్చు. బ్లాక్ చేసేవాణ్ణి త్రో చెయ్యాలి. త్రో కోసం చూసేవాణ్ణి అడుగు వెనక్కి వేసి, వాడి చేతులు గాల్లో ఉండగా కొట్టాలి. షోర్యుకెన్‌తో లేచేవాడికి ఊరికే బ్లాక్ చేస్తే చాలు, తర్వాత వాడు మన చేతిలో పండు. రాయి, కాగితం, కత్తెర లాంటిదే, కాకపోతే ఒక్కోదానికి పందెం వేరు. ర్యూకి మొత్తం ప్రాణం 10,000. మామూలు త్రోకి పోయేది 1,200. అదే ఖాళీ షోర్యుకెన్ తర్వాత పడే కాంబోకి దానికి రెండు మూడింతలు పోతుంది.

ఇదంతా నాకు తెలుసు. అడిగితే ఎవరికైనా చెప్పగలను. నోట్‌బుక్ తీసి నా ఆట లెక్కపెడితే 30 నాక్‌డౌన్లలో త్రో 21 సార్లు, దెబ్బ 9 సార్లు, ఆగి చూడటం ఒక్కసారీ లేదు. నేను మూడు చేతులతో ఆడుతున్నాననుకున్నాను, అవతలివాడికి ఒక్క చెయ్యే కనిపిస్తోంది. వాడికి నన్ను చదవడానికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు.

మనిషి తనంతట తాను గజిబిజిగా ఉండలేడు. ‘ఈసారి వేరేది చేద్దాం’ అనుకున్నప్పుడు కూడా నేను చేసేది ఒక వరసే: రెండు త్రోలు, ఒక దెబ్బ, రెండు త్రోలు, ఒక దెబ్బ. దాంతో గడియారాన్ని నమ్ముకున్నాను. మ్యాచ్‌లో తెర పైన 99 నుంచి తగ్గుతూ వచ్చే టైమర్ ఉంటుంది. పడగొట్టిన క్షణంలో దాని చివరి అంకె చూడటం. సున్నా నుంచి మూడు దాకా త్రో, నాలుగు నుంచి ఆరు దాకా దెబ్బ, ఏడు నుంచి తొమ్మిది దాకా ఆగి బ్లాక్. మొదట్లో అంకె చూసేలోపే వాడు లేచి నన్ను తన్నేవాడు. పది రోజులకి అలవాటైంది. గెలుపులు వెంటనే పెరగలేదు గానీ ఒక విషయం జరిగింది: మొదటిసారి ఆగి చూశాను, మొదటిసారి ఒకడు నా ముందు ఖాళీ గాలిలోకి షోర్యుకెన్ కొట్టుకుంటూ లేచాడు. కాంబో మొత్తం పడింది. రెండు నెలలు నేర్చుకున్న ఆ సోమలింగం అప్పుడు పుట్టాడు.

గడియారం ఊతకర్ర లాంటిదని తర్వాత తెలిసింది. ఎదుటివాడు ప్రతిసారీ బ్లాకే చేస్తున్నప్పుడు నేను అంకెల్ని నమ్ముకుని షోర్యుకెన్ కోసం ఎదురుచూడటం వెర్రితనం. ఇప్పుడు చేసేది ఇంకోటి. మ్యాచ్‌లో మొదటి నాక్‌డౌన్‌ని నేను ఫీజు కింద కట్టేస్తాను. కొట్టను, త్రో చెయ్యను, పక్కన నిలబడి బ్లాక్ పట్టుకుని వాడు ఎలా లేస్తాడో చూస్తాను. ఈ ర్యాంకులో మొదటిసారి ఎలా లేచినవాడు రెండోసారీ దాదాపు అలాగే లేస్తాడు.

దీనికి కూడా గదిలో ఒక సాధన కుదిరింది. డమ్మీ పడి లేచేటప్పుడు ఏ రికార్డింగ్ ఆడాలో పెట్టుకోవచ్చు. రూమ్మేట్‌కి ఎనిమిది స్లాట్లూ ఇచ్చి, అయిదింటిలో ఒకటే పని, మిగతా మూడింటిలో వేరేవి పెట్టమన్నాను. ఏది అయిదో చెప్పకూడదు. ఆరు నాక్‌డౌన్లలోపు వాడి అలవాటు నేను పట్టుకుని పైకి చెప్పాలి. మనవాడు రమ్మీ ఆటగాడు కదా, ఇది మాత్రం వాడికి నచ్చింది.

‘ఇది ముక్కలు లెక్కపెట్టడమే కదరా. ముందే చెప్తే పోయేది’ అన్నాడు. నిజమే, పడేసిన ముక్కల్ని బట్టి చేతిలో ఏముందో ఊహించడం వాడికి చిన్నప్పటినుంచి వచ్చు. ఆ మాటకొస్తే నాకంటే వాడే త్వరగా పట్టేవాడు, వెనక మంచం మీద పడుకుని.

మధ్యలో బొటనవేలు వాచింది. గంటలకొద్దీ ప్యాడ్‌లో దిక్కుల బటన్ (డి-ప్యాడ్) మీద ఒకటే వైపు రుద్దితే అంతే మరి. ఎస్పీ రోడ్డులో ఒక షాపులో చవగ్గా వస్తోందని ఆర్కేడ్ స్టిక్ ఒకటి కొన్నాను. మూడు వారాలకే దాని లివర్ ఎడమ వైపు నొక్కితే పలకడం మానేసింది. షాపతను బిల్లు చూసి, నన్ను చూసి, మళ్ళీ బిల్లు చూశాడు. వారంటీ గురించి మా సంభాషణ ఇక్కడ రాయదగ్గది కాదు. వారం రోజులు ఆట మానేసి, వేడినీళ్ళ కాపడం పెట్టుకుని, పాత ప్యాడ్‌కే వచ్చాను. రోజుకి నలభై నిమిషాలు దాటకూడదని అప్పుడే పెట్టుకున్నాను. చిత్రంగా, అప్పటినుంచే నోట్‌బుక్‌లో అంకెలు బాగుపడ్డాయి. అలసిన చేతులతో సాధన చేస్తే అలసిన ఆటే అలవాటవుతోందని నా అనుమానం.

ఇంకో నియమం కూడా అప్పటిదే: ర్యాంక్డ్‌కి వెళ్ళినప్పుడు ఆ రోజుకి ఒక్క ప్రశ్నే. ‘ఈ రోజు దూకినవాళ్ళలో ఎంతమందిని పడేశాను?’ అంతే. ఓడితే ఓడాను. పాయింట్లు పోతుంటే చూడటం మొదట్లో కడుపులో తిప్పినట్టు ఉండేది. ఒక మంగళవారం వరసగా తొమ్మిది ఓడాను, అయినా దూకిన 31 మందిలో 17 మందిని గాల్లో కొట్టాను. నోట్‌బుక్ మూసి హాయిగా పడుకున్నాను. నాలుగు నెలలు అయ్యేసరికి గోల్డ్ దాటి ప్లాటినంలోకి వచ్చాను. మాస్టర్ ర్యాంకు వాళ్ళకి ఇది నవ్వులాటే, తెలుసు.

ఒంటరి సాధన గొప్పదని చెప్పడానికి ఇదంతా రాయట్లేదు. 2019లో లాహోర్ నుంచి వచ్చి ఎవో అనే ఫైటింగ్ గేముల పెద్ద పోటీల్లో జపాన్‌లోనూ, అదే ఏడాది అమెరికాలోనూ టెక్కెన్ 7 గెలిచిన అర్స్‌లాన్ ఆష్ వెనక ఉన్నది, తన ఊళ్ళో ఎదురెదురుగా కూర్చుని కొట్టుకునే గట్టి మనుషులు. డమ్మీ అలాంటి మనిషికి సాటిరాదు. ఈ సంగతి నాకు ఇందిరానగర్‌లో బాగా తెలిసొచ్చింది.

అక్కడ ఒక కెఫే పైన గదిలో కొంతమంది ఆదివారాలు ల్యాప్‌టాపులు తెచ్చుకుని ఆడతారని ఆఫీసులో ఒకతను చెప్తే వెళ్ళాను. స్ట్రీట్ ఫైటర్‌ని మొదటిసారి ఎదుటివాడి మోచెయ్యి నా మోచేతికి తగిలేంత దగ్గరగా కూర్చుని ఆడటం. ఒంగోలు షాపు వాసన వచ్చినట్టు అనిపించింది. కెన్ అనే పాత్రతో ఆడే ఒక కన్నడ కుర్రాడితో అయిదు మ్యాచులు ఆడాను. మొదటి రెండింట్లో వాడు దూకిన ప్రతిసారీ దాదాపు పడేశాను. రెండూ నావే. మూడోదాంట్లో వాడు దూకడం మానేశాడు. నింపాదిగా నడుచుకుంటూ వచ్చి త్రో చేశాడు. మళ్ళీ నడుచుకుంటూ వచ్చాడు, మళ్ళీ త్రో. మిగతా మూడూ వాడివే.

అయ్యాక టీ తాగుతుంటే అన్నాడు, వచ్చీరాని తెలుగులో. ‘అన్నా, మీరు పైకే చూస్తారు. నేను కిందనుంచి వస్తే మీకు కనిపించను.’

ఇంటికొచ్చేసరికి రాత్రి పది. నా స్లాట్లలో అయిదు నడకలున్నాయి కదా, వాటిలో ఒక్కటైనా నా దాకా వచ్చి పట్టుకునేది లేదు. అన్నీ ముందుకి రెండడుగులు, వెనక్కి రెండడుగులు. ఇన్నాళ్ళుగా నడకంటే అపాయం లేనిది అని నా కళ్ళకి నేనే నేర్పాను.

రూమ్మేట్ రమ్మీలో ఉన్నాడు. కదిపాను.

‘మళ్ళీ ఏటి?’

‘నడకలు మార్చాలిరా. అయిదింట్లో రెండు నా దాకా వచ్చి త్రో చెయ్యాలి. ఏ రెండో చెప్పకు.’

‘ఈ వారం దుప్పట్లు కూడా నువ్వే ఉతకాలి మరి’ అని ప్యాడ్ అందుకున్నాడు. నేను చెప్పులేసుకుని కిందకి దిగాను. టీ బండి ఇంకా తీసే ఉంది.